గునపం పట్టించే ముందు

చిరంజీవి అల్లునికి,

ప్రొద్దుటూరులో పాత మిద్దె కొని, బాగు చేసి అమ్మాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు ఇదే పనిలో ఉన్నవాణ్ణి, నాలుగు మాటలు రాస్తున్నా.

కాంట్రాక్టర్ లైసెన్సు తీసుకోవాలా అని అడిగావంట. ప్రభుత్వ పనులు పట్టాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. నీ పేరున ఉన్న ఇంటిని బేల్దారిని పెట్టి బాగు చేయించుకోవడానికి ఎవరూ అడగరు. వైరింగ్ మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుకే ఇవ్వు. రెరా, అంటే ఇళ్ల అమ్మకాల మీద ఉన్న రియల్ ఎస్టేట్ చట్టం, దాని టెన్షన్ కూడా వద్దు. 500 చదరపు మీటర్లు దాటని స్థలానికి ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

కానీ ఒకటి ఆలోచించు. లైసెన్సు అడిగేవాళ్లు లేరంటే, మేస్త్రీకి పని వచ్చో రాదో ముందే చూసిపెట్టినవాళ్లు కూడా లేరు. అది నువ్వే చూసుకోవాలి.

కడపలో ఒక మట్టి మిద్దె కొన్నప్పుడు, హాలు పెద్దగా కనబడాలని నడిమి గోడ తీయించాను. "సన్న గోడే కదా, ఏం కాదు" అన్నాడు మేస్త్రీ. నమ్మాను. కప్పు మోసే కొయ్య దంతెలన్నీ ఆ గోడ మీదే ఆనుకుని ఉన్నాయి, పైన ఏళ్ల తరబడి పోసిన చవుడు మట్టి జానెడు మందం. అమ్మిన మూడు వారాలకు ముసురు పట్టింది. దూలం పక్కన వెంట్రుకంత చీలిక, అందులోంచి చవుడు సన్నగా రాలుతోంది. కొన్న ఆవిడ ఆ మట్టిని చేటలోకి ఎత్తి నా ముందు పెట్టింది, ఒక్క మాట అనలేదు. ఆమె పిల్లలు ఆ దూలం కిందే పడుకునేవాళ్లు. డబ్బు వెనక్కిచ్చి ఇల్లు తిరిగి రాయించుకున్నా, ఆ చేట ఇప్పటికీ కళ్లముందే ఉంది.

సున్నాలు, ప్లాస్టరింగు, బండలు మార్చడం సరే. గోడ తీయాలన్నా, పైన గది వేయాలన్నా ముందు ఎల్‌టీపీతో, అంటే లైసెన్సు ఉన్న ప్లానర్‌తో, ప్లాను గీయించి మున్సిపాలిటీ అనుమతి తీసుకో.

అగ్రిమెంటు చేతికి రాగానే పని మొదలుపెట్టేవాళ్లను చాలామందిని చూశా. అగ్రిమెంటుతో, జీపీఏతో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇల్లు నీది కాదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటి మీద అప్పులు, పాత లావాదేవీలు చూపించే ఈసీ తీయించు, ఇల్లు నీ పేరున రిజిస్ట్రేషన్ అయ్యాకే గునపం పట్టించు. డబ్బంతా బ్యాంకు ద్వారానే నడవాలి. ఇల్లు అమ్మేటప్పుడు 20,000 గానీ ఆపైన గానీ నగదుగా పుచ్చుకోకూడదు.

అమ్మేనాడు ఏ గోడ తీశావో, పైపు ఎక్కడ పోతుందో కాగితం మీద గీసి కొన్నవాళ్ల చేతికివ్వు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తా. దంతెలు నేను కొట్టి చూసేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.

మీ మామ