ఐబీ ఇంగ్లీష్ ఇండివిడ్యువల్ ఓరల్‌లో ఏది ముందు, ఏది తర్వాత?

ప్రశ్న: ఐబీ డిప్లొమా ఇంగ్లీష్ లిటరేచర్ ఓరల్‌లో (మౌఖిక పరీక్షలో) రెండు రచనల గురించి మాట్లాడాలి. ఏ వరుసలో చెప్పాలి?

ముందు గ్లోబల్ ఇష్యూను, అంటే రెండు రచనల్లోనూ కనిపించే, మీరు చర్చకు ఎంచుకున్న సమస్యను, బాగా కుదించండి. ‘అధికారం’ అంటే దానికి అంతుండదు. ‘కుటుంబ పరువు పేరుతో ఆడవాళ్లను మాట్లాడనివ్వకపోవడం’ అంటే చేతికి చిక్కే విషయం.

మీరు మాట్లాడేది 10 నిమిషాలు, ఆ తర్వాత 5 నిమిషాలు టీచర్ ప్రశ్నలు. పరిచయానికి ఒక్క నిమిషం చాలు, రచయిత జీవితచరిత్ర అక్కర్లేదు. తర్వాత ఒక్కో రచనకు దాదాపు నాలుగు నిమిషాలు. ఒక్కో రచన నుంచి మీరు ఎంచుకున్న భాగాన్నే (ఎక్స్‌ట్రాక్ట్, 40 వరుసలు మించకూడదు) పట్టుకుని కూర్చుంటే సరిపోదు. అదే విషయం ఆ రచనలోని మిగతా భాగాల్లో ఎక్కడ, ఎలా కనిపిస్తుందో కూడా చెప్పాలి. చాలామంది వదిలేసేది ఇదే.

కథ చెప్పడం మొదలుపెడితే మాత్రం టైమ్ అంతా అయిపోతుంది. ‘ఇక్కడ ఆమె బాధపడింది’ అనడం కథ. ‘ఆమె వాక్యాలన్నీ మధ్యలోనే తెగిపోతాయి, భర్తవి మాత్రం పూర్తవుతాయి, ఆ ఇంట్లో మాట్లాడే హక్కు ఎవరిదో అక్కడే తెలిసిపోతుంది’ అనడం విశ్లేషణ. ఇలాంటివి ఒక్కో భాగంలో రెండు మూడు లోతుగా చెప్పండి. అలంకారాల పేర్లన్నీ వల్లించడం కంటే ఇది ఎంతో నయం.

రెండు రచనలనూ పోల్చాలా? పోలికకు విడిగా మార్కులు లేవు, రెండింటికీ సమానంగా చోటిచ్చారా అన్నది మాత్రం చూస్తారు.

లోపలికి 10 పాయింట్ల అవుట్‌లైన్, ఏమీ రాసుకోని ఎక్స్‌ట్రాక్ట్ కాపీలు తీసుకెళ్లవచ్చు. మొత్తం రాసి బట్టీ పట్టొద్దు. ఒక్క వాక్యం తప్పితే ఆ టెన్షన్‌లో మిగతాదీ మర్చిపోతారు.