స్లో కంప్యూటర్ల పని మీద వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, అత్తయ్య ఆశీస్సులు.

పక్కింటివాళ్ల కంప్యూటర్ బాగుచేశావట, ఆ సంగతి తెలిసి ఇంకో ముగ్గురు పిలుస్తున్నారట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. ఈ పనిలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను, చేతులు కాల్చుకున్న రోజులూ ఉన్నాయి. వాటిలో కొన్నయినా నీకు తప్పుతాయేమోనని రాస్తున్నాను.

వెళ్లగానే కీబోర్డు మీద చెయ్యి వెయ్యకు. "ఏం చేస్తుంటే స్లోగా ఉందో ఒకసారి చేసి చూపించండి" అని అడిగి, పక్కన కూర్చుని చూడు. స్లో అనే మాటకు ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం. ఒకరికి ఆన్ అవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఇంకొకరికి వీడియో ఆగి ఆగి వస్తుంది, కానీ సొంత ఫొటోలు మాత్రం టకటకా తెరుచుకుంటాయి. అలాంటిచోట ముందు అనుమానించాల్సింది నెట్‌ని. రూటర్ నుంచి కేబుల్ నేరుగా పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఈ ప్రశ్న అడక్కుండా నేను ఒక పూటంతా విండోస్ తిరగేసి, చివరికి చూస్తే వైఫై అడ్డం తిరిగిన సంగతి ఒకటుంది. అది వివరంగా చెప్పను, ఇప్పటికీ సిగ్గే.

వాళ్లు చూపించాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, కంప్యూటర్ ఏ పనిలో ఎంత మునిగి ఉందో చూపించే టాస్క్ మేనేజర్ తెరువు. సీపీయూ, అంటే ప్రాసెసర్ పేజీలో అప్ టైమ్ అని ఉంటుంది, ఎంతకాలంగా ఆగకుండా నడుస్తోందో చెప్పేది, ముందు అది చూడు. "రోజూ షట్‌డౌన్ చేస్తున్నామండీ" అంటారు, అక్కడేమో నలభై రోజులని ఉంటుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, లోపలి సంగతులు కొన్ని డిస్క్‌లో దాచుకుని మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే మొదటి నుంచీ మొదలవుతుంది. ఒక్క రీస్టార్ట్‌తో సమస్య తీరిన ఇళ్లు నా లెక్కలో తక్కువేం లేవు.

ఇక అసలు దొంగ సంగతి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి, సీపీయూ ఖాళీగా కూర్చుందంటే, చాలావరకు లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఉందన్నమాటే. లాప్‌టాప్‌లలో అది చాలావరకు నిమిషానికి 5,400 చుట్లు తిరిగేది, అంటే సెకనుకు 90 చుట్లు. కావలసిన ముక్క ముల్లు కిందికి వచ్చేదాకా ఆగాలి, ఇంకో ముక్క ఇంకోచోట ఉంటే ముల్లు అక్కడికి జరగాలి. సెకనుకు వంద చోట్లు తిరిగి చదవడమే దానికి కష్టం. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది, పాపం అది మాత్రం ఏం చేస్తుంది? దాని బదులు పెట్టే ఎస్ఎస్‌డీ అంటే చిప్‌లలో దాచే డిస్క్, అందులో తిరిగేది ఏదీ లేదు, అదే పని ఎన్నో రెట్లు వేగంగా చేసేస్తుంది. పదేళ్ల కంప్యూటర్‌కు కూడా ఈ ఒక్క మార్పుతో ప్రాణం లేచొస్తుంది. డబ్బు పెట్టగలిగేది ఒక్కదానికే అయితే దీనికే పెట్టమని చెప్పు.

ర్యామ్, అంటే నడుస్తున్న పనులను తాత్కాలికంగా పెట్టుకునే మెమరీ, 4 జీబీయే ఉండి, బ్రౌజర్ తెరవగానే నిండిపోతుంటే అదీ పెంచాలి. ర్యామ్ చాలకపోతే విండోస్ డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకుంటుంది, అందుకే రెండు రోగాలూ కలిసి కనిపిస్తాయి. కొనేముందు ఉన్న ముక్కను బయటికి తీసి చూడు. డీడీఆర్3, డీడీఆర్4 అనే ర్యామ్ రకాల గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకదాని స్లాట్లో ఇంకోటి దిగదు. విండోస్ 32 బిట్‌దా 64 బిట్‌దా అన్నదీ చూడు. ఇళ్లలో వాడే 32 బిట్ విండోస్‌కు 4 జీబీ మించి పెట్టినా దండగే.

ఇవన్నీ చెయ్యాలంటే ముందు వాళ్ల ఫైళ్లు ఇంకోచోటికి కాపీ కావాలి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్తాను, ఇది మాత్రం వివరంగానే చెప్తాను. రిటైరైన మాస్టారొకరి కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ వెయ్యాల్సి వచ్చింది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫొటోలు అన్నీ కాపీ చేసుకున్నాను. "ఇంకేమైనా ఉన్నాయా మాస్టారూ?" అని కూడా అడిగాను. లేవమ్మా అన్నారు. ఫార్మాట్ చేశాను. మర్నాడు ఆయన మెయిల్ తెరిస్తే ఖాళీ. ఆయన వాడే మెయిల్ ప్రోగ్రామ్ ఉత్తరాలన్నిటినీ ఆప్‌డేటా అనే ఫోల్డర్‌లో దాచుకునేది. విండోస్ ఆ ఫోల్డర్‌ను మామూలుగా కనబడనివ్వదు. పోయినవాటిలో విదేశంలో ఉన్న కూతురు రాసినవే ఎక్కువ. "ఫర్వాలేదమ్మా" అన్నారాయన. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే "ఏ ఫైళ్లు కావాలి?" అని అడక్కు, "దీంతో ఏమేం చేస్తారు?" అని అడుగు. మెయిల్, లెక్కల సాఫ్ట్‌వేర్, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, అన్నీ ఆ జవాబులోనే బయటపడతాయి. ఎస్ఎస్‌డీ వేసేటప్పుడు పాత డిస్క్‌ను చెరపకు. దాన్ని క్లోన్ చేసి, అంటే ఉన్నదంతా యథాతథంగా కొత్తదానిలోకి కాపీ చేసి, పాతది ఉన్నదున్నట్టు కవర్లో పెట్టి వాళ్ల చేతికే ఇవ్వు. నెలా రెండు నెలలు ఏ లోటూ కనబడకపోతే అప్పుడు చూసుకోవచ్చు.

లాప్‌టాప్ కొంచెం కొత్తదైతే ఇంకో గండం ఉంది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా చదవలేని రహస్య రూపంలో ఉండొచ్చు, యజమానికి ఆ సంగతే తెలియదు. నువ్వు బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే సెట్టింగ్స్‌లో, ఏదో మార్చి రీస్టార్ట్ చేస్తావు, నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందా అన్నది ముందే చూసి, ఆ కీ వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతోందో లేదో తేల్చుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకో.

పని మొదలుపెట్టేముందు డెస్క్‌టాప్‌ను ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకో. పెద్దవాళ్లు చాలామంది ఐకాన్ పేరు చదవరు, "పైనుంచి మూడోది" అని గుర్తుపెట్టుకుంటారు. ఆ ఐకాన్ చోటు మారిందంటే వాళ్ల దృష్టిలో నువ్వు కంప్యూటర్ పాడుచేసినట్టే.

కొన్ని రోగాలు చూడ్డానికి భయంకరంగా ఉంటాయి, మందు చిన్నది. ఒకావిడ వైరస్ వచ్చిందని కంగారుపడుతూ పిలిచారు. ఏ సైటు తెరిచినా సురక్షితం కాదని వస్తోంది. తెర మూల చూస్తే తేదీ ఎన్నో ఏళ్ల వెనక ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, అంతే. తేదీ తప్పితే, సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్లు చెల్లవు కదా! అలాగే మూలన "మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లు" అని పాప్ అప్‌లు వస్తుంటే, చాలాసార్లు అవి ఏదో సైటుకు నోటిఫికేషన్ అనుమతి ఇచ్చిన ఫలం. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఆ అనుమతి తీసేస్తే పోతాయి.

రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడుస్తుంటే ఒకటి తీసెయ్. స్టార్టప్‌లో అక్కర్లేనివి ఆపు. విండోస్ సెట్టింగ్‌ల చిట్టాను శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్లు, స్పీడ్ పెంచుతామనే సాఫ్ట్‌వేర్లు మాత్రం దగ్గరికి రానివ్వకు. వాటిని తీసెయ్యడమే సగం రిపేరు.

దుమ్ము దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకో, గాలికి గిర్రున తిరగనిస్తే దెబ్బతింటుంది. లాప్‌టాప్‌లో అయితే ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుపోతుంది. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, జనం దాన్నీ స్లో అనే అంటారు.

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. పాతవి చాలావరకు అక్కడే ఆగిపోతాయి. అడ్డదారిన వేసే పద్ధతులున్నాయి. నీ సొంత కంప్యూటర్‌లో వేసుకో, పొరుగువాళ్లకు వద్దు. రేపు అప్‌డేట్ ఆగిపోతే వాళ్లు ఎవరిని అడుగుతారు? బ్రౌజర్ తప్ప ఇంకేమీ వాడనివాళ్లకు విండోస్ బదులు వాడుకోగల ఉచిత వ్యవస్థ లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూపించు. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే వాళ్ల చేత్తో అరగంట వాడనివ్వు, వాళ్ల ప్రింటర్ పనిచేస్తుందో లేదో కూడా అప్పుడే చూడు. నచ్చితేనే వెయ్యి. నీకు ఇష్టమని అంటగట్టకు.

పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పకు, ప్లగ్ పీకేసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది. ఉబ్బిన లాప్‌టాప్ బ్యాటరీని గుచ్చడం, నొక్కడం చెయ్యొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దని వాళ్లకూ చెప్పు. పాస్‌వర్డ్ వాళ్లే కొట్టాలి, ఆ కాసేపు నువ్వు కిటికీ వైపు చూడు. కాపీ చేస్తుంటే ఫొటోలు కంటబడతాయి. అవి అక్కడే మర్చిపో, మీ అమ్మతో కూడా అనకు.

అన్నట్టు, ఆ మూడో ఇంట్లో కంప్యూటర్ టక్ టక్‌మని చప్పుడు చేస్తోందట కదా. దాన్ని ఆన్ చెయ్యొద్దని ఈ రాత్రికే చెప్పు. అది నిజంగా డిస్కే అయితే ఇంకెంతసేపు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ కాస్త సమయం బూట్ అవడానికి కాదు, ఫైళ్లు కాపీ చేసుకోవడానికి వాడుకోవాలి. ఎస్ఎస్‌డీ సంగతి తర్వాత. ఖాళీ డిస్క్ ఒకటి సిద్ధం చేసుకుని, కేబుల్ పెట్టేముందు నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్తయ్య