పొటాషియం 5.9 వచ్చింది సరే, ఈసీజీ తీయించారా?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 61. 12 ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. టెల్మిసార్టాన్ వాడుతున్నారు. మూడు వారాల కిందటి రిపోర్టులో పొటాషియం 5.9, క్రియాటినిన్ 1.9 వచ్చాయి. అరటిపండులో రేడియోధార్మిక పొటాషియం ఉంటుందని ఒక వీడియోలో చూశాం. అదే రక్తంలో పేరుకుపోయిందా? అరటిపండ్లు మాన్పించి, లో సోడియం సాల్ట్ వాడుతున్నాం. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ వేసుకుంటారు. ఈమధ్య మెట్లెక్కుతుంటే కాళ్లు పట్టు తప్పుతున్నాయంటున్నారు. ఆ రేడియేషన్ పోవడానికి మందు ఉందా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు అడిగింది రేడియేషన్ గురించే అయినా, 5.9 అనే అంకె, కాళ్లు పట్టు తప్పడం, ఈలోగా ఊరికే గడిచిపోయిన మూడు వారాలు నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నాయి. ఇది చదివిన రోజే అమ్మగారిని దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. పొటాషియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు మళ్లీ చేయించండి. మనిషిని చూడకుండా రాస్తున్న సలహా కనుక, తుది నిర్ణయం అక్కడ పరీక్షించిన డాక్టరుదే.

రేడియోధార్మికత సంగతి క్లుప్తంగా చెబుతాను. పొటాషియం పరమాణువులన్నింటిలోనూ 19 ప్రోటాన్లే ఉంటాయి. న్యూట్రాన్లు మాత్రం 20, 21, 22 చొప్పున ఉండే మూడు ఐసోటోపులు ప్రకృతిలో దొరుకుతాయి. వాటిలో రేడియోధార్మికత ఉన్నది పొటాషియం-40 ఒక్కదానికే, అది మొత్తం పొటాషియంలో దాదాపు 0.012 శాతం. అరటిపండులోనూ, కందిపప్పులోనూ, మనందరి ఒంట్లోనూ అది అదే నిష్పత్తిలో ఉంటుంది. రసాయనికంగా మూడూ ఒకే తీరుగా ప్రవర్తిస్తాయి కాబట్టి మూత్రపిండాలు గానీ, ల్యాబ్‌లో పొటాషియాన్ని కొలిచే ఎలక్ట్రోడ్ గానీ వాటిని విడదీసి చూడవు. రేడియేషన్ పోగొట్టే మందు అవసరం లేదు. ఎవరైనా అమ్మజూపినా కొనవద్దు.

మీ రిపోర్టులోని 5.9 మొత్తం పొటాషియం అయాన్ల లెక్క. ఒక ఎలక్ట్రాన్ కోల్పోయి ధనావేశం పొందిన ఈ అయాన్లలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటాయి. అక్కడ లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్ ఉంటే, రక్తంలో 3.5 నుంచి 5 వరకే ఉండాలి. మూడు సోడియం అయాన్లను బయటికి నెడుతూ రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగే పంపు ఒకటి ప్రతి కణం పొరలోనూ ఉండి ఈ తేడాను నిలబెడుతుంది. దాన్ని 1957లో వెల్లడించిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతి లభించింది. కండరాలూ గుండే పనిచేసేది ఈ తేడా వల్ల పుట్టే విద్యుత్తుతోనే. రక్తంలో పొటాషియం కాస్త పెరిగినా ఆ తేడా తగ్గి కాళ్లు నీరసించవచ్చు, గుండె లయ తప్పవచ్చు. కొందరిలో ముందుగా ఏ లక్షణమూ కనిపించదు. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే అంకె తప్పుగా పెరిగి కనిపించే మాట నిజమే, అయితే అలాగే జరిగి ఉంటుందని ఇంట్లో కూర్చుని అనుకోవడానికి వీల్లేదు.

ఇక లో సోడియం సాల్ట్. అందులో సోడియం క్లోరైడ్‌ను కొంత తగ్గించి ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ప్యాకెట్టు మీద పొటాషియం క్లోరైడ్ 30 శాతం అని ఉంటే, 5 గ్రాముల ఉప్పుతో దాదాపు 780 మిల్లీగ్రాముల పొటాషియం లోపలికి వెళుతుంది. మధ్యరకం అరటిపండులో ఉండేది 400 పైచిలుకు. అంటే పండు మాన్పించి, రెండు పండ్ల పొటాషియాన్ని కూరలో వేసి పెడుతున్నారు! ఈ ఉప్పును 2025 జనవరిలో సిఫార్సు చేసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కిడ్నీల పనితీరు తగ్గినవారిని అందులోంచి మినహాయించింది. క్రియాటినిన్ 1.9 ఉన్న మీ అమ్మగారు ఆ కోవలోకే వస్తారు. దాన్ని ఈరోజే ఆపండి.

డైక్లోఫెనాక్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఉద్దానం ఉన్న జిల్లాలో ఉంటూ, కిడ్నీ జబ్బుల గురించి ఇంటింటా వింటూ కూడా, చీటీ లేకుండా నొప్పి మాత్రలు కొని వేసుకోవడం నాకు మింగుడు పడదు. ఈ మాత్రలు మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గిస్తాయి, పొటాషియం మూత్రంలో పోయే దారినీ అడ్డుకుంటాయి. బీపీ మందు టెల్మిసార్టాన్ కూడా మరో మార్గంలో పొటాషియం బయటికి పోవడాన్ని తగ్గిస్తుంది, పైగా షుగర్ ఎటూ ఉంది. మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గుతుంది కాబట్టి, లోపల జరుగుతున్న నష్టం రిపోర్టు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. మీకు రిపోర్టు వచ్చింది, అయినా మూడు వారాలు ఆగారు. డైక్లోఫెనాక్ వెంటనే మానిపించండి. టెల్మిసార్టాన్ మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. ఆపాలో, డోసు తగ్గించాలో డాక్టరు చెబుతారు. పొటాషియం ఎక్కువగా ఉండే కొబ్బరిబోండాలూ ప్రస్తుతానికి వద్దు.

ఈసీజీలో మార్పులుంటే ముందుగా గుండెకు రక్షణగా కాల్షియం గ్లూకోనేట్ ఎక్కిస్తారు. ఆపైన పొటాషియాన్ని తిరిగి కణాల్లోకి పంపడానికి గ్లూకోజుతో ఇన్సులిన్ ఇస్తారు. ఇంట్లో చేయగలిగిన చికిత్స ఇందులో ఏదీ లేదు. గుండె దడ, తల తిరగడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే ఓపీ టైము కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టుతో పాటు అమ్మగారు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ, ఆ ఉప్పు ప్యాకెట్టూ పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.