కుడి సీట్లో కూర్చోబోతున్న బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

నీ కోపైలట్ ట్రైనింగ్ అయిపోయిందనీ, వచ్చే నెల నుంచి ప్రయాణికులతో ఎగరబోతున్నావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. "అన్నా, దానికి నువ్వే నాలుగు మాటలు చెప్పు, నాకు టెన్షన్‌గా ఉంది" అన్నాడు. ఫోన్లో అయితే సగం మర్చిపోతానని కాగితం మీద పెడుతున్నా. టేకాఫ్ గురించి, పైన ఎగరడం గురించి ఇందులో ఏమీ రాయను. దిగేటప్పుడు ఏదైనా తేడా వస్తే ఏం చేయాలి, అదొక్కటే రాస్తా. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి చక్రాలు నేలను తాకే దాకా నీ ఎయిర్‌బస్‌లో ఉండేది ఇంచుమించు నిమిషం ఇరవై సెకన్లు. అంత తక్కువ టైంలో కొత్తగా ఆలోచన పుట్టదు. ముందే ఒంటికి పట్టించుకున్నదే పనికొస్తుంది.

మీ తాత కాజీపేటలో ఇంజిన్ డ్రైవర్ అని నీకు తెలుసు. సిగ్నల్ కనబడగానే అసిస్టెంట్ దాని పేరు, రంగు గట్టిగా చెప్పాలి, డ్రైవర్ అదే మాట తిరిగి చెప్పాలి. రైల్వేలో ఇప్పటికీ అదే పద్ధతి. చిన్నప్పుడు నేను అడిగిన, "ఇద్దరికీ కనబడుతది కదా బాపూ, మళ్ల అరుసుడు ఎందుకు?" అని. "నా కన్ను చూసిందని నాకు తెలుసు. పక్కోనికి ఎట్ల తెలుస్తది?" అన్నాడు. మామునూరులో నిజాం కాలం నాటి రన్‌వేను సైకిల్ మీద పోయి చూసొచ్చే వయసులో విన్న ఆ మాట, నా పైలట్ ఉద్యోగమంతా పనికొచ్చింది. ఒక్కసారి మాత్రం నేను దాన్ని మర్చిపోయా.

కోపైలట్‌గా చేరిన రెండో ఏడు. వానాకాలం, రాత్రి. ఊరి పేరు, కంపెనీ పేరు వద్దు. కెప్టెన్ చేయి తిరిగిన మనిషి, నన్ను కొడుకులా చూసుకునేవాడు. కిందికి రావడం ఆలస్యంగా మొదలుపెట్టాం. వెయ్యి అడుగుల దగ్గర స్పీడు ఉండాల్సిన దానికంటే ఇరవై నాట్లు, అంటే గంటకు 37 కిలోమీటర్లు, ఎక్కువుంది, ఇంజిన్లేమో ఐడిల్‌లో, అంటే అతి తక్కువ పవర్‌లో ఉన్నాయి. నాకు కనబడుతూనే ఉంది. "గో అరౌండ్", అంటే దిగకుండా మళ్లీ పైకి పోదాం అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఇన్ని వేల గంటలు నడిపిన మనిషికి నేను చెప్పాలా అనుకుని మింగేశా. రన్‌వే మీద చాలా దూరం తేలుతూ పోయి దిగాం. సెంటర్‌లైన్ లైట్లు తెల్లగా ఉన్నవి, ఒకటి తెలుపు ఒకటి ఎరుపు అయ్యాయి. ఆ తర్వాత అన్నీ ఎరుపే. అన్నీ ఎరుపంటే మిగిలింది 300 మీటర్లని నీకు తెలుసు. తడి రన్‌వే, బ్రేకుల మీద ఇద్దరి కాళ్లూ ఉన్నాయి. విమానం ఆగాక వైపర్ల చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. ఆయన నా వైపు తిరిగి "నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది అనిపించింది.

మేం ఆగగలిగాం. 2010 మే 22న మంగళూరులో ఆగలేకపోయారు. విమానం ఎత్తు ఎక్కువగా వచ్చింది, 8,033 అడుగుల రన్‌వే మీద దాదాపు 5,200 అడుగులు దాటాక నేలను తాకింది. కొండ మీది రన్‌వే కావడంతో అటు చివర లోయే. 158 మంది పోయారు, 8 మంది బతికారు. కోపైలట్ మూడుసార్లు గో అరౌండ్ చేయమన్నాడని విచారణ నివేదికలో ఉంది. అతను నాలాగా మాట మింగలేదు, చెప్పాడు. కెప్టెన్ వినలేదు. అందుకే చెప్పడమొక్కటే సరిపోదు, వినకపోతే ఏం చేయాలో కూడా నీకు తెలిసుండాలి.

పెద్దవాళ్లకు ఎదురు చెప్పొద్దని నిన్ను పెంచింది మేమే. కాబట్టి నేనే చెబుతున్నా, కాక్‌పిట్ తలుపు మూసుకున్నాక ఆ అలవాటు బయటే వదిలెయ్. అమర్యాదగా మాట్లాడమని కాదు. "సర్, కొంచెం ఫాస్ట్‌గా ఉన్నామేమో" అని నసగకు. "స్పీడ్, ప్లస్ ట్వంటీ" అని అంకె చెప్పు. అంకెకు చిన్నా పెద్దా లేదు, ఎవరూ నొచ్చుకోరు. వెయ్యి అడుగుల దగ్గర చక్రాలు, రెక్కల వెనక దించే ఫ్లాప్‌లు, స్పీడు, దిగే వేగం, ఇంజిన్ పవర్, చెక్‌లిస్ట్, ఇందులో ఏది సరిగ్గా లేకపోయినా "అన్‌స్టేబుల్, గో అరౌండ్" అను. జవాబు రాకపోతే వెంటనే ఇంకోసారి అను. రెండోసారీ పలకకుండా, చేయకుండా కూర్చుంటే ఆయనకు ఏదో అయిందనే లెక్క. "ఐ హ్యావ్ కంట్రోల్" అని గట్టిగా చెప్పి, విమానాన్ని తిప్పే సైడ్‌స్టిక్ మీద ఎర్ర బటన్ నొక్కి పట్టుకుని, విమానాన్ని పైకి తీసుకుపో. సిమ్యులేటర్‌లో ఇది ఒకసారి చేసి వదిలేస్తారు. నువ్వు ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగి ఇంకా ఎక్కువసార్లు చెయ్యి. చేతికంటే నోటికే ఎక్కువ ప్రాక్టీస్ కావాలి.

గో అరౌండ్ అంటే ఓడిపోవడం కాదని కంపెనీ మాన్యువల్లోనే ఉంటుంది, అది చేసినందుకు నిన్ను ఎవరూ ఏమీ అనరు. అయితే చేసేటప్పుడు శ్రద్ధగా చెయ్యి. ఇంజిన్ లీవర్లను పూర్తి పవర్ ఇచ్చే టోగా గాటు దాకా తొయ్యాలి. సగంలో ఆపితే కంప్యూటర్ ఇంకా దిగే పద్ధతిలోనే ఉంటుంది. ముక్కు పైకెత్తు, ఫ్లాప్ ఒక మెట్టు తగ్గించు, పైకి ఎక్కుతున్నామని మీటర్‌లో చూశాకే చక్రాలు లోపలికి. పైన తెర మీద ఏ మోడ్ వచ్చిందో బయటికి చదువు. ఇంకొకటి, నేలను తాకి, ఆగడానికి ఇంజిన్లకు రివర్స్ వేశాక మాత్రం గో అరౌండ్ మాటే వద్దు. అప్పుడిక ఆగడమే.

ఉత్తరాదిలోనూ, మన హైదరాబాద్‌లోనూ ఎండాకాలం సాయంత్రాలు వేరే సంగతి. మే నెలలో మన మేడ మీద నిలబడితే వానకంటే ముందు దుమ్ముతో చల్లగాలి కొడుతుంది చూడు, మామిడికాయలు రాలతాయి. అది మేఘం నుంచి కిందికి పడి, నేలను తాకి నాలుగు వైపులా పరుచుకున్న గాలి. విమానం దాని మధ్యలోంచి వెళ్తే మొదట ఎదురుగాలి తగిలి స్పీడు పెరుగుతుంది. బాగానే ఉంది కదా అనిపించి పవర్ తగ్గించబుద్ధవుతుంది. తర్వాత కిందికి నొక్కుతుంది. ఆ వెంటనే వెనకగాలి వచ్చి స్పీడు పడిపోతుంది. అందుకే అకారణంగా స్పీడు పెరిగినప్పుడే అనుమానపడు. ఇలా గాలి ఒక్కసారిగా మారడాన్నే విండ్‌షియర్ అంటారు. "విండ్‌షియర్" అని హెచ్చరిక వస్తే పూర్తి పవర్, చూపిస్తున్న గీత ప్రకారం ముక్కు పైకి. ఇక్కడ మామూలు గో అరౌండ్‌లా చక్రాలు, ఫ్లాప్‌లు కదిలించకూడదు, గాలి దాటే దాకా ఎలా ఉన్నవి అలాగే ఉండాలి. అసలు రాడార్‌లో ఎర్రటి ముద్ద రన్‌వే దగ్గర కనబడితే లోపలికే వెళ్లకండి. ఆ మేఘం ఎంతోసేపు ఉండదు, ఇరవై నిమిషాలు పైనే తిరగండి.

చక్రం దిగినట్టు పచ్చలైటు రాకపోతే పెద్ద ప్రమాదమని కంగారుపడతారు కానీ, అది నెమ్మదిగా చేసుకునే పనే. పైకి వెళ్లండి, ఒక చోట తిరగండి, పుస్తకం తీసి చదవండి. కరెంటు, హైడ్రాలిక్ పని చేయకపోయినా సీట్ల మధ్య ఉన్న హ్యాండిల్‌ను బయటికి లాగి మూడు చుట్లు తిప్పితే చక్రాలు వాటి బరువుకే దిగుతాయి. ఇందులో అసలు ప్రమాదం వేరు. 1972 డిసెంబర్ 29 రాత్రి మయామి దగ్గర ముక్కు చక్రం లైటు వెలగలేదు. కాక్‌పిట్లో అందరూ ఆ చిన్న బల్బు మీదే పడ్డారు. ఆటోపైలట్ ఎత్తు పట్టుకోవడం మానేసిందని ఎవరూ చూడలేదు. విమానం మెల్లగా దిగి చిత్తడి నేలలో పడింది, 101 మంది పోయారు. కాబట్టి ఏ తేడా వచ్చినా ముందు తేల్చుకోవాల్సింది, నడిపేది ఎవరు, పుస్తకం చదివేది ఎవరు అని. నడిపే మనిషి ఇంకే పనీ ముట్టుకోకూడదు.

2008 జనవరి 17న లండన్‌లో అదే చేశారు. రన్‌వేకు ఇంకా దూరం ఉండగా, 700 అడుగుల పైచిలుకు ఎత్తులో రెండు ఇంజిన్లూ పవర్ ఇవ్వలేదు. ఇంధనంలో మంచు అడ్డుపడిందని తర్వాత తెలిసింది. నడిపే పని కోపైలట్ చేతుల్లోనే వదిలేసి కెప్టెన్ ఫ్లాప్‌ను 30 నుంచి 25కి తగ్గించాడు. గాలి పట్టు తగ్గి విమానం కొంచెం ముందుకు సాగింది, ఎయిర్‌పోర్ట్ కంచె దాటి గడ్డిలో పడింది. 152 మందీ బతికారు.

గుండె ఒక్కసారి గుభేల్‌మంటుంది, అది ఎవరికైనా తప్పదు. అప్పుడు ఏ బటన్ మీదికీ చేయి పోనివ్వకు. స్పీడెంత, ఎత్తెంత, ఎటు పోతున్నాం, ఈ మూడూ నోటితో చదువు. చదివేలోపు బుర్ర మళ్లీ నీ దగ్గరికి వస్తుంది. విమానం చేతిలోకి వచ్చాక దారి చూసుకో, ఆ తర్వాతే ఏటీసీకి, అంటే కింద కంట్రోల్ వాళ్లకు చెప్పు. వాళ్లు అడిగినా "స్టాండ్‌బై" అంటే చాలు.

కానీ చెప్పేటప్పుడు మొహమాటం వద్దు. 1990 జనవరి 25న న్యూయార్క్‌లో దిగాల్సిన విమానాన్ని గంటకు పైగా గాల్లో తిప్పారు. ఇంధనం అయిపోతోందని సిబ్బంది చెప్పారు, ముందు దిగనివ్వమన్నారు. ఎమర్జెన్సీ అన్న మాట మాత్రం వాళ్ల నోట రాలేదు. ఏటీసీ దాన్ని మామూలు విన్నపం అనుకుంది. 73 మంది చనిపోయారు. తప్పనిసరిగా మిగలాల్సిన చివరి ముప్పై నిమిషాల ఇంధనంలోకి చేయి పెట్టాల్సి వస్తుందని లెక్క తేలిన క్షణమే "మేడే, మేడే, మేడే, ఫ్యూయల్" అని చెప్పాలి. మేడే అంటే ప్రాణాపాయంలో ఉన్నామన్న పిలుపు. తర్వాత రిపోర్టులు రాయాలని, ఆఫీసులో అడుగుతారని ఆలోచించకు. రిపోర్టు రాయడానికి నువ్వు ఉండాలి కదా.

కాస్త టైం కొనుక్కో, పైకి వెళ్లు అని ఇంతసేపు చెప్పా. పొగ, మంటల విషయంలో మాత్రం ఇది వర్తించదు. పొగ వస్తే ముందు మాస్క్, తర్వాత దగ్గరలో ఉన్న రన్‌వే. చెక్‌లిస్ట్ పూర్తి కాలేదని చక్కర్లు కొట్టొద్దు. క్యాబిన్ వాళ్లను పిలిచి నాలుగే మాటలు చెప్పు: ఏమైంది, ఏం చేస్తున్నాం, ఎన్ని నిమిషాలుంది, వాళ్లు ప్రత్యేకంగా చేయాల్సింది ఏముంది. చెప్పింది వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకో.

బతుకమ్మకు రెండు రోజులు సెలవు దొరికితే రా. పైగదిలో గోడకు నీ విమానం కాక్‌పిట్ పోస్టర్ అంటించి, ముందు రెండు కుర్చీలు వేశా. ఎడమ కుర్చీలో నేను కూర్చుంటా. స్పీడు ఎక్కువగా పెట్టుకుని, వినని కెప్టెన్‌లా ఉంటా. నువ్వు గో అరౌండ్ అనాలి. మీ పెద్దమ్మ కింద వంటింట్లో ఉంటుంది, ఆమెకు వినబడేంత గట్టిగా అనాలి.

మీ పెద్దబాపు