వర్ణనాత్మకమా, వివరణాత్మకమా?

సందేహం: మా మనస్తత్వ శాస్త్రం నోట్సులో ఒకచోట ‘వర్ణనాత్మక పద్ధతి’ అని ఉందండి, నాలుగు పేజీలు దాటాక అదే పద్ధతిని ‘వివరణాత్మక పద్ధతి’ అన్నారు. రెండూ ఒకటేనా? వర్ణన అంటే కవులు చేసేది కదా, శాస్త్రానికి నప్పుతుందా? – డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

సమాధానం: ఒకటి కాదమ్మా. వర్ణనాత్మకం అంటే ‘డిస్క్రిప్టివ్’, వివరణాత్మకం అంటే ‘ఎక్స్‌ప్లనేటరీ’. మీది కోనసీమ కాబట్టి వరద రోజులు తలుచుకోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వచ్చింది, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, లంకలో అరటితోటల్లోకి ఎర్రనీళ్లు ఎక్కుతున్నాయి అంటే అది వర్ణన, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ఎగువన ఇంద్రావతి, శబరి పొంగాయి కాబట్టి ఇక్కడ పెరిగింది అంటే వివరణ. కారణం అందులో వచ్చి చేరింది.

మనసు సంగతీ అంతే. ఫ్రాన్జ్ బ్రెంటానో అనే తత్వవేత్త 1880ల చివర్లో వియన్నాలో ‘వర్ణనాత్మక మనస్తత్వ శాస్త్రం’ పేరుతోనే పాఠాలు చెప్పాడు. మనసులో కలిగేవి ఎలా పుట్టాయన్నది తర్వాత, ముందు అవి ఏమిటో సరిగ్గా చూడాలి అన్నది ఆయన పట్టు. 1894లో జర్మన్ తత్వవేత్త డిల్తై రాసిన వ్యాసమైతే ఈ రెండు మాటల మీదే నిలబడింది. మనసుకి వివరణ కాదు, వర్ణన కావాలి, ఎందుకంటే ప్రకృతిని వివరిస్తాం, మనసును అర్థం చేసుకుంటాం అన్నాడాయన. రెండింటికీ ‘వివరణాత్మకం’ అనే పెడితే ఆయన దేన్ని కాదంటున్నాడో, దేన్ని అవునంటున్నాడో తెలుగులో చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

వర్ణన కవులదే కాదు. సంస్కృతంలో ‘వర్ణ్’ ధాతువుకి రంగు వేయడం, వర్ణించడం రెండూ అర్థాలే. ‘వివరణ’లో ఉన్నది ‘వృ’ ధాతువు, ‘వి’ చేరితే తెరవడం, మూత తీయడం. వర్ణనాత్మక వ్యాకరణం, వర్ణనాత్మక భాషాశాస్త్రం అని భాష గురించి రాసే మేం ఎప్పటినుంచో రాస్తూనే ఉన్నాం, ఏ ఇబ్బందీ రాలేదు. ‘డిస్క్రిప్టివ్’ పరీక్షని వివరణాత్మక పరీక్ష అనడం అలవాటైపోయి ఆ మాట ఇటు కూడా వచ్చి ఉంటుందని నా అనుమానం.

అసలు మనసుని వర్ణించడానికి తెలుగులో ఎంత సరుకు ఉందో చూడండి. ‘నాకు పాములంటే భయం’ అంటాం. ఆ ‘అంటే’ చూశారా, భయం దేని మీదికి పోతోందో అది పట్టి చూపిస్తుంది. మనసులో కలిగే ప్రతిదీ ఏదో ఒకదాని వైపు తిరిగి ఉంటుందని బ్రెంటానో 1874లో పుస్తకం రాసి చెప్పిన మాట ఇదే. మరి ‘పొద్దున్నుంచీ ఎందుకో గుబులుగా ఉంది’ అన్నప్పుడు? అక్కడ ‘అంటే’ లేదు, అది దేని వైపు తిరిగి ఉందని అడిగితే చెప్పడం కష్టం, నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న అది. ఇక బెంగ పెట్టుకుంటాం, దిగులు పడతాం, గుబులు పుడుతుంది, కోపం వస్తుంది, భయం వేస్తుంది. ఒక్కోదానికి ఒక్కో క్రియ! హైదరాబాదు హాస్టల్లో ఉన్న పిల్లాడి మీద తల్లి పెట్టుకునేది బెంగ. రేపు రిజల్ట్స్ అనగా ఆ పిల్లాడికి పుట్టేది గుబులు. రెండింటినీ ‘టెన్షన్’ అనేస్తే వర్ణన అక్కడే ఆగిపోతుంది.

మీ నోట్సులో ‘వివరణాత్మక’ అని ఉన్నచోటల్లా చుట్టూ ఉన్న వాక్యాలు చదవండి. కారణాలు చెబుతుంటే ఉంచేయండి. లేకపోతే పెన్సిలుతో కొట్టేసి ‘వర్ణనాత్మక’ అని దిద్దుకోండి, పరీక్షలోనూ అలాగే రాయండి.