టెక్ సపోర్ట్ నుంచి యూఎక్స్‌కి: బొమ్మలు రావు, కోర్సు ఫీజు కట్టనా?

టెక్ సపోర్ట్‌లో ఉన్నానని, బొమ్మలు వేయడం రాదని, కోడింగ్ అంటే పడదని రాశారు. యూఐ (యాప్ తెర ఎలా కనిపించాలి), యూఎక్స్ (దాన్ని వాడటం ఎలా ఉండాలి) డిజైన్‌లోకి రావాలంటే అమీర్‌పేటలో కోర్సుకి డబ్బు కట్టాలా, ఉద్యోగం మానేసి నేర్చుకోవాలా అని అడిగారు. డబ్బు ఇప్పుడే కట్టకండి. నేను మాన్యువల్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌ని చేత్తో వాడి తప్పులు వెతికే పని) నుంచి ఇటు వచ్చినవాణ్ణి. ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రొడక్ట్ డిజైనర్‌ని, కొత్తగా అప్లై చేసేవాళ్ల పోర్ట్‌ఫోలియోలు (తాము చేసిన డిజైన్ల నమూనాలు) చూసే పని కూడా నా నెత్తినే పడింది.

బొమ్మల భయం వదిలేయండి. 'యూజర్ ఎక్స్‌పీరియన్స్' అనే మాటను 1990ల మొదట్లో యాపిల్‌లో వాడుకలోకి తెచ్చిన డాన్ నార్మన్ చిత్రకారుడేం కాదు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, ఆ తర్వాత సైకాలజీలోకి వెళ్లాడు. కాగితం మీద నాలుగు డబ్బాలు, వాటి మధ్య బాణాలు గీయగలిగితే మీ పని నడుస్తుంది. మిగతాది చెయ్యి తిరిగే కొద్దీ వస్తుంది. రోజూ వాడే యాప్‌లో ఒక స్క్రీన్ తీసుకుని ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో ఉన్నదున్నట్టు దించండి, ఏ అక్షరం ఎంత సైజు, ఎక్కడ ఎంత ఖాళీ వదిలారు అన్నది చేతికి ఎక్కుతుంది. ఫిగ్మా బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచిత ప్లాన్ చాలు. ఆటో లేఅవుట్ (ఖాళీలు వాటంతటవే సర్దుకోవడం), కాంపొనెంట్లు (మళ్లీ మళ్లీ వాడుకునే ముక్కలు), ప్రోటోటైప్ (నొక్కి చూసే నమూనా) ఈ మూడూ వస్తే టూల్ వచ్చినట్టే. సిలబస్‌లో అడోబీ ఎక్స్‌డీ అనే డిజైన్ టూల్ పెద్దక్షరాలతో ఉంటే ఆ ఇన్‌స్టిట్యూట్ మెట్లు దిగి వచ్చేయండి. దాన్ని ముందుకు తీసుకెళ్లడం అడోబీయే ఆపేసింది.

మీ సపోర్ట్ ఉద్యోగాన్ని తక్కువ చేసుకోకండి. టెస్టింగ్‌లో ఉన్నప్పుడు 'ఇక్కడ ఏం నొక్కాలో యూజర్‌కి అర్థం కాదు' అని నేను బగ్ రాస్తే డెవలపర్లు 'యాజ్ డిజైన్డ్' (డిజైనే అంత) అని మూసేసేవారు. ఇలా డిజైన్ చేసిందెవరో చూద్దామని వెళ్లి డిజైన్ టీమ్ పక్కన కూర్చోవడంతో మొదలైంది నా కథ. మీ దగ్గర అంతకంటే మంచి సరుకు ఉంది. జనం ఎక్కడ ఆగిపోతున్నారో మీకు రోజూ ఫోన్‌లో వినపడుతోంది. ఒక నెల పాటు వచ్చిన టికెట్లను, అంటే ఫిర్యాదులను, కారణాల వారీగా విడదీయండి. 'ఓటీపీ రాలేదు' అన్నవాళ్లలో నిజంగా రానివాళ్లెందరు, వచ్చినా ఎక్కడ కొట్టాలో తెలియనివాళ్లెందరు? ఇంటర్వ్యూల్లో యూజర్ రీసెర్చ్ అని అడిగేది ఇదే. కస్టమర్ల పేర్లు, నంబర్లు, కంపెనీ లోపలి డేటా మాత్రం ఎక్కడా బయటపెట్టకండి.

ఇక పోర్ట్‌ఫోలియో. నా దగ్గరికి వచ్చేవాటిలో సగానికి సగం ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్లే. అన్నిటిలోనూ నమూనా యూజర్‌గా అదే 28 ఏళ్ల ఊహాజనిత రాహుల్, అవే పసుపు పచ్చ స్టిక్కీ నోట్లు. రాహుల్‌ని ఎవరూ కలిసినట్టు లేదు. దయచేసి మీరు మీ చుట్టూ ఉన్న మనిషిని పట్టుకోండి.

నేను పట్టుకున్నది తెనాలిలో మెడికల్ షాపు నడిపే మా బాబాయిని. కౌంటర్ వెనక స్టూలు వేసుకుని ఆయన బిల్లు కొట్టడం చూస్తూ కూర్చున్నాను. అక్కడ స్ట్రిప్ మొత్తం కొనేవాళ్లు తక్కువ, 'ఒక నాలుగు ఇవ్వండి' అనేవాళ్లే ఎక్కువ. బాబాయి స్ట్రిప్‌ను ఎక్స్‌పైరీ తేదీ లేని వైపు నుంచి కత్తిరిస్తాడు, మిగిలిన ముక్క మీద తేదీ, బ్యాచ్ నంబరు ఉండాలని. కానీ సాఫ్ట్‌వేర్ అడిగేది ఎన్ని స్ట్రిప్పులని. పది గోళీల స్ట్రిప్‌లో నాలుగిస్తే 0.4 అని కొట్టాలి. పదిహేను గోళీల స్ట్రిప్ అయితే? 'అందుకే పక్కన క్యాలిక్యులేటర్ పెట్టుకున్నాన్రా' అన్నాడు. పైగా ఒక చేతిలో ఎప్పుడూ కత్తెర ఉంటుంది కాబట్టి మౌస్ జోలికి పోడు. నేను చేసిన డిజైన్‌లో కొత్త హంగులేం లేవు. గోళీల లెక్క నేరుగా కొడితే స్ట్రిప్ లెక్క అదే వేసుకుంటుంది, బిల్లు మొత్తం ఎంటర్ మీటతోనే అయిపోతుంది. చూడ్డానికి బూడిద రంగు డబ్బాలే, అయినా ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడింది దాని గురించే.

గీసిన తర్వాత మనుషుల చేత వాడించి చూడాలి. అయిదుగురితో పరీక్షిస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని యూజబిలిటీ (వాడుక సులువు) నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు, అయిదుగురు మీ వీధిలోనే దొరుకుతారు. అయితే మనవాళ్లతో ఒక చిక్కుంది. 'ఎలా ఉంది పిన్నీ' అని అడిగితే 'బంగారంలా ఉంది నాన్నా' అంటారు, అది నమ్మితే మునిగినట్టే. 'ఈ నెల కరెంటు బిల్లు కట్టండి' అని ఫోన్ చేతికిచ్చి నోరు మూసుకోండి. వేలు గాల్లో ఎక్కడ ఆగిందో రాసుకోండి. 'అక్కడ నొక్కండి' అని మీ నోట వచ్చిందంటే ఆ పరీక్ష పోయినట్టే.

తెలుగు వచ్చినవాళ్లకు ఇంకో పని ఖాళీగా పడి ఉంది. ఇంగ్లీషుకు కొలిచి చేసిన డబ్బాలో తెలుగు పోస్తే ఏమవుతుందో మీ ఫోన్ భాష మార్చి చూడండి. 'రాష్ట్రం'లో వత్తులు సగానికి తెగిపోతాయి, పై వరుస వత్తు కింది వరుస గుడి మీద కూర్చుంటుంది, 'పే' అని రెండు వేళ్ల వెడల్పున్న బటన్‌లో 'చెల్లించండి' ఇరుక్కుని చివర మూడు చుక్కలు తేలతాయి. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి ఉచితంగా ఉన్నాయి. అవి తీసుకుని, లైన్ హైట్ (వరుసల మధ్య ఎడం) పెంచి, ఒక్క యాప్‌కి ముందు, తర్వాత అని చూపించండి. అక్షరానికీ వెనక రంగుకీ వెలుగు తేడా 4.5:1కి తగ్గకూడదని, నొక్కే చోటు 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర మీద కొలత) ఉండాలని ఉన్న లెక్కలు ఎందుకొచ్చాయో కూడా మధ్యాహ్నం ఎండలో బస్టాండ్‌లో ఫోన్ పట్టుకుంటే తెలుస్తుంది.

కోడింగ్ అంటారా, హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ చదివి అర్థం చేసుకుంటే సరిపోతుంది. డెవలపర్ 'ఇది కుదరదు' అన్నప్పుడు అది నిజమో బద్ధకమో తెలియాలి కదా.

డిగ్రీ కావాలనుకుంటే సీడ్ (డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష) రాసి ఐఐటీ బాంబేలోని డిజైన్ స్కూల్ ఐడీసీ, ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల ఎం.డిజైన్ చేయొచ్చు. వయసు పరిమితి లేదు. ఆ పరీక్షలో మాత్రం బొమ్మ గీయక తప్పదు, అది ముందే తెలుసుకోండి.

ఫ్రెషర్లకి బయట మార్కెట్ బాగా బిగుసుకుపోయింది. ఏఐ టూల్‌కి రెండు లైన్లు రాస్తే స్క్రీన్ వచ్చేస్తున్న రోజుల్లో స్క్రీన్లు గీయడం వచ్చన్నంత మాత్రాన పిలవరు. అందుకే ముందు మీ కంపెనీలోనే డిజైన్ టీమ్‌ను కలవండి, మీ టికెట్ల లెక్క చూపించి టెస్టింగ్ సెషన్లలో నోట్స్ రాసే పని అడగండి. నేను ఇటు మారింది ఆ దారిలోనే. బయట ప్రయత్నించినా రాజీనామా మాత్రం ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే. నోటీస్ పీరియడ్ 90 రోజులైతే మొదటి కాల్‌లోనే చెప్పేయండి, చివర్లో తెలిస్తే హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్ ఎత్తరు.