లెస్టర్ పిగాట్ స్మృతి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు మద్రాసులో ఉద్యోగం చేసిన కాలంలో గిండీ గుర్రప్పందేలకు వెళ్లేవారు. ఇంగ్లండు జాకీ (పందెపు గుర్రాల రౌతు) లెస్టర్ పిగాట్ పేరు ఆయన నోట తరచుగా వినేవాళ్లం. 2022లో పిగాట్ మరణించినప్పుడు పత్రికలు ఆయన్ని ఆకాశానికెత్తాయి. పన్ను ఎగవేసి జైలుకు వెళ్లిన మనిషిని అంతగా స్మరించడం సబబేనా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఆయన జైలుకు వెళ్లిన మాట నిజం. 1987లో మూడేళ్ల శిక్ష పడగా 366 రోజులు జైలులో గడిపారు. 1975లో ఇచ్చిన ఓ.బి.ఇ. అనే బ్రిటిష్ పురస్కారాన్ని 1988లో వెనక్కి తీసుకున్నారు. సంస్మరణ రాసేవారు ఈ సంగతిని దాచిపెడితే అది తప్పే. అయితే శిక్ష అనుభవించి వచ్చిన మనిషి జీవితకాలపు పనితనాన్ని ఆ నేరంతోపాటు తుడిచిపెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. పన్నెండేళ్ల వయసులో, 1948లో, హేడాక్ మైదానంలో తొలి పందెం గెలిచిన ఆ పిల్లవాడు ఒక్క బ్రిటన్‌లోనే 4,493 గెలుపులు సాధించారు. ఇంగ్లండులోని ఎప్సమ్‌లో 1780 నుంచి జరుగుతున్న పేరుమోసిన డర్బీ పందేన్ని తొమ్మిదిసార్లు గెలిచిన జాకీ ఆయన తప్ప మరొకరు లేరు.

ఈ అంకెల వెనుక ఉన్న ఆకలిని మాత్రం చాలామంది ప్రస్తావించరు. పిగాట్ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. జాకీలలో అది చాలా ఎక్కువ. గుర్రం మీద బరువు పెరగకూడదని అంతటి మనిషి స్వారీ చేసినంతకాలం దాదాపుగా 51 కిలోలకు కొంచెం అటూఇటూగా ఉండి స్వారీ చేశారు. భోజనానికి పేరున్న మన గోదావరి జిల్లాల వారికి, దశాబ్దాలపాటు నోరు కట్టుకొని బతకడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. పైగా వినికిడి లోపం, మాటలో తడబాటు ఉండటంతో ఆయన మితంగా మాట్లాడేవారు. దాన్ని గర్వమనుకున్నవారూ ఉన్నారు. మే 29న ఆయన స్విట్జర్లాండులో కన్నుమూయగా, జూన్ 4న జరిగిన డర్బీని ఆయన స్మృతికే అంకితం చేశారు. ఆ గౌరవం తగినదే.

ప్రశ్న: పరుగెత్తేది గుర్రం కదా, పేరు జాకీకి ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: మన వైపు ఎడ్ల పరుగు పందేలు చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది: ఎడ్లు ఎంత మేలైనవైనా, తోలేవాడు తొందరపడితే చివరికి వాటి ఊపిరి చాలదు. ఎప్సమ్‌లో ఆ లెక్క మరీ కఠినం. సుమారు 2,400 మీటర్ల ఆ దారి మొదట ఎగువకు ఎక్కి, తరువాత పల్లంలోకి దిగుతూ ఎడమకు తిరుగుతుంది. చివరి తిన్నని దారిలో నేల కంచె వైపు ఏటవాలుగా ఉంటుంది. 1968లో సర్ ఐవర్ అనే గుర్రానికి అంత దూరం పరుగెత్తే సత్తువ ఉందా అని నిపుణులే సందేహించారు. ముందున్న కానాట్ అనే గుర్రం గెలుపు ఖాయమనిపించిన దశలోనూ పిగాట్ తొందరపడలేదు. కళ్లెం బిగబట్టి, గుర్రం దాచుకున్న వేగాన్నంతా చివరి రెండు వందల మీటర్లలో బయటికి తీయించి, దాన్ని దాటించేశారు. 1970లో నిజిన్‌స్కీ అనే గుర్రం మీద 2000 గినీస్, డర్బీ, సెయింట్ లెజర్ అనే ఇంగ్లండు పెద్ద పందేలు మూడూ గెలిచారు. ఒకే ఏడాది ఆ మూడూ గెలిచిన గుర్రం మళ్లీ ఇంతవరకూ రాలేదు.

అటువంటి గుర్రాల మీద ఎవరైనా గెలుస్తారని వాదించేవారికి 1990 అక్టోబరులో న్యూయార్కులోని బెల్మాంట్ పార్కులో జరిగిన బ్రీడర్స్ కప్ మైలు పందెం గుర్తుచేస్తాను. పిగాట్ అప్పటికి అయిదేళ్ల క్రితమే స్వారీ మానేశారు. జైలు జీవితమూ ఆ మధ్యలోనే గడిచింది. మళ్లీ జీనెక్కి రెండు వారాలైనా కాకముందే, 54వ ఏట, వెనుకబడిన రాయల్ అకాడమీ అనే గుర్రాన్ని చివర్లో ముందుకు నడిపించి, గుర్రం మెడంత తేడాతో గెలిచారు. ఆ పందెం దృశ్యం ఇప్పటికీ చూడటానికి దొరుకుతుంది; వీలైతే ఆఖరి మలుపు నుంచి జాకీ చేతులను మాత్రమే గమనిస్తూ చూడండి.